అమ్ముడుపోయిన వీధి

మా మేనత్త మొగుడు జీవితంలో ముప్పాతిక వంతు సిటీ బస్సు నడిపాడు. వెనకాల అందరూ ఆయన్ని స్టీరింగు అనేవాళ్లు, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నాకు మాత్రం మావయ్య. మనిషి మంచివాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట నేను చెప్పేదంతా విన్నాక ఆ సంగతి మర్చిపోయే ప్రమాదం ఉంది. నాకే అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

బస్సు నడిపేవాడికి ఒక్క యజమాని అయితే ఎలాగో సర్దుకుంటాడు. బెల్లు కొట్టే కండక్టరూ యజమానే, చెయ్యెత్తే పోలీసూ యజమానే, వెనక సీట్లోంచి తిట్టేవాడూ యజమానే. వీళ్లందరి మీదా డిపో మేనేజరు. ఒకసారి జోరు వానలో స్టాపు కాని చోట బస్సు ఆపి, తడిసి ముద్దయిన ఓ ముసలావిడని ఎక్కించుకున్నాడు మావయ్య. ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు చేశాడు. మేనేజరు పిలిపించి, బల్ల ముందు నిలబెట్టి, కుర్చీ అయినా చూపించకుండా "నిన్ను ఆపమని ఎవరు చెప్పారు?" అని అడిగాడట. ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. రిటైరయ్యాక కూడా భోంచేస్తూ చేస్తూ చెయ్యి ఆపేసి, "ఎవరు చెప్పాలే? వాన చెప్పింది" అనేవాడు. అత్త "సరే, వానే చెప్పింది. అన్నం చల్లారిపోతోంది" అనేది.

అత్తకి బజారులో కుట్టు కొట్టు ఉంది. గది అనడానికి లేదు, రెండు కొట్ల మధ్య సందుకి తలుపు పెట్టినట్టుంటుంది. స్కూలు పిల్లల చొక్కాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. మావయ్య జీతంతో ఇల్లు గడిచింది గానీ అత్త గడిచింది ఆ కొట్టుతోనే. వచ్చేపోయేవాళ్లతో కబుర్లు, పక్క కొట్టు టీ, మిషను చప్పుడు. మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కలేని రోజుల్లో కూడా ఆ కొట్టుకి మాత్రం వెళ్లేది. ఇంట్లో కూర్చుంటే నాకు నొప్పి తప్ప ఇంకేం తోచదే అనేది నాతో.

అలాంటి ఇంటికి ఉపన్యాసం వచ్చాడు.

ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే. ఒకప్పుడు ఎక్కడో పాఠాలు చెప్పేవాడట. ఊరికి దూరంగా కొంత భూమి కొని, అక్కడ స్వేచ్ఛాజీవుల కాలనీ కడుతున్నానని చెప్పుకుంటూ తిరిగేవాడు. రిటైరైనవాళ్లని వెతుక్కుంటూ తిరగడం గమనించాలి. కుర్రాళ్లకి స్వేచ్ఛ అక్కర్లేదు కాబోలు. ఆ కాలనీలో అధికారి ఉండడు, సంఘం ఉండదు, చందా ఉండదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఎవరి గీత లోపల వాళ్లు రాజు. గొడవలొస్తే అని ఎవరో అడిగితే, తీర్పరి ఉంటాడన్నాడు. ఆ తీర్పరి ఎవరయ్యా అంటే, ప్రస్తుతానికి ఆయనే.

ఉన్నమాట చెప్పాలి. ఆయన మాటల్లో పస లేకపోలేదు. "అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని చోటే చెత్త పడుతుంది" అన్నాడు మా అత్తావాళ్ల అద్దింటి వరండాలో కూర్చుని. ఎదురుగా వీధి కాలువ పొంగి వారం అవుతోంది, దాటడానికి ఎవరో ఇటుకలు వేశారు. మావయ్య ఆ ఇటుకల వంక చూశాడు, ఆయన వంక చూశాడు. అయిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి మావయ్య. ఆ రోజు కుందేలు దొరికింది.

నమూనా ఇల్లు చూడ్డానికి నన్ను కూడా తీసుకెళ్లారు. బాగానే ఉంది. వంటింట్లో చెయ్యి కడుక్కుందామని కుళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. వంగి చూస్తే సింకు కింద గొట్టమే లేదు, కుళాయిని గోడకి బిగించి వదిలేశారు. మావయ్యకి చూపించాను. "నమూనా కదే, నమూనాకి నీళ్లెందుకు?" అన్నాడు. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఖాళీ సీసా మీద లేబులు అతికించేవాళ్లని రోజూ చూస్తూ ఉంటాను. కానీ పెద్దవాళ్లు ఒకసారి అనుకున్నాక మనం అడ్డుచెప్పడం గోడకి తల బాదుకోవడమే. అత్త ఒక్కటే అడిగింది, అక్కణ్నించి బజారుకి బస్సుందా అని. ఉందన్నారు. మెయిన్ రోడ్డు మీద స్టాపు, అక్కణ్నించి కాలనీ లోపలికి తిన్నగా ఒకటే వీధి. అయితే సరే అంది.

మొదట్లో నిజంగానే బాగుంది. కాదంటే కళ్లు పోతాయి. ఒకటే వీధి, దానికి అటూ ఇటూ కొన్ని ఇళ్లు. మెయిన్ రోడ్డు దగ్గర గేటు. గేటు లోపల మొదటి ఇంట్లో రిటైరైన లెక్కల టీచరు, ఒంటరి మనిషి. మధ్యలో మరికొందరు. చివర్నుంచి రెండో ఇల్లు మావయ్యది, హారన్లు వినపడకూడదని ఏరి కోరి అంత లోపల తీసుకున్నాడు. వీధి చిట్టచివర రొట్టెలాయన. ఇంట్లోనే పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి, తెల్లవారకముందే తోపుడు బండి మీద వేసుకుని రోడ్డు మీదకి తీసుకెళ్లేవాడు. మావయ్య పొద్దెక్కేదాకా పడుకునేవాడు. లేచాక గడ్డం గీసుకునేవాడు కాదు. అత్త నెమ్మదిగా వీధి వెంట నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కి కొట్టుకి పోయేది. నేను నెలకోసారి ఇద్దరికీ మందులు తీసుకుని వెళ్లేదాన్ని. ఇద్దరి రక్తపోటూ తగ్గింది. నేనే చూశాను కాబట్టి చెబుతున్నాను.

స్థలాలన్నీ అమ్ముడుపోయాక మొదలైంది అసలు కథ.

అమ్ముకుని బతికేవాడికి అమ్మడానికి ఏమీ మిగలకపోతే ఏం చేస్తాడు? చుట్టూ చూస్తాడు. ఉపన్యాసానికి వీధి కనపడింది. వీధి ఆయన పేరు మీదే ఉంది మరి. అందరిదీ అనేదే అక్కడ లేదు కదా. ఇంటింటికీ వెళ్లి చెప్పాడు, మీ ఇంటి ముందు ముక్క మీరు కొనుక్కోండి, లేకపోతే వేరేవాళ్లు అడుగుతున్నారు, తర్వాత మీ ఇష్టం. వాళ్లు కొంటారేమో అని వీళ్లూ, వీళ్లు కొంటారేమో అని వాళ్లూ కొన్నారు. ఎవరికి వారే యమునా తీరే. అందరూ భయపడ్డారు తప్ప, అందరూ కలిసి ఒక్కసారి వద్దంటే పోయేదని ఒక్కరికీ తట్టలేదు. నలుగురూ కలిసి కూర్చుంటే అది సంఘం అవుతుందిగా మరి. సంఘం వద్దనే కదా అక్కడికి వెళ్లింది.

నేను ఫోన్లో గట్టిగానే అడిగాను, వీధిని కొనడమేమిటి మావయ్యా అని. "మన ముందు ముక్క మనదైతే మనల్ని ఎవరూ ఆపలేరు కదే" అన్నాడు. మిగతా ముక్కలు ఎవరివని అడిగేలోపు ఫోను పెట్టేశాడు.

మిగతా ముక్కలు మిగతావాళ్లవి. ఆ సంగతి అందరికీ ఒకేసారి అర్థమైంది. ఒకరు గొలుసు కట్టారు, ఒకరు పూలకుండీలు అడ్డం పెట్టారు. లెక్కల టీచరు ఒక ఇనపకడ్డీ పెట్టించింది, అడిగితే ఎత్తేది, పూజలో ఉన్నా నిద్రలో ఉన్నా ఆగాలి. మా అత్త కొట్టుకి పోవాలంటే ప్రతి ముక్క దగ్గరా నిలబడి "వెళ్లమంటారా?" అని అడగాలి. ఎవరూ కాదనేవాళ్లు కాదు, అది నిజం. కానీ ఒకరు స్నానంలో ఉంటారు, ఒకరు నిన్న అత్త పలకరించలేదని ముభావంగా ఉంటారు. పొద్దున బస్సు తప్పిపోయేది. తర్వాత్తర్వాత రోజు మార్చి రోజు వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత వారానికోసారి. ఆ మోకాళ్లతో ఎండలో నిలబడి ఎంతమందిని అడుగుతుంది? కొట్టు అద్దె మాత్రం కడుతూనే ఉంది.

మరి మావయ్య? ఆయన తాడు కట్టాడు.

ఈ కొసన ఒక రాట, ఆ కొసన ఒక రాట, మధ్యలో నడుమెత్తున పసుపు రంగు నైలాను తాడు, దానికి ఎర్ర గుడ్డ ముక్క. రొట్టెలాయన బండి ఆ ముక్క దాటకుండా బయటపడదు. తెల్లవారకముందు నన్ను లేపొద్దని చెప్పాడట మావయ్య. నేను నిద్ర లేచాకే తాడు దింపుతానన్నాడు. ఆలస్యంగా వచ్చే రొట్టెలు ఎవరికి కావాలి? ఒకరోజు పొద్దున్నే నేను మందులు పట్టుకుని వెళ్లేసరికి రొట్టెలాయన బండితో తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. మావయ్య వరండాలో కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. తాగడం అయ్యాక లేచి, చెప్పులు వెతుక్కుని, వచ్చి, తాడు దింపి, చేత్తో ముందుకు రమ్మని సైగ చేశాడు. అచ్చం డిపో గేటు దగ్గర వాచ్‌మన్ చేసినట్టే.

"మెమో ఇవ్వడమొక్కటే తక్కువ, అది కూడా ఇచ్చెయ్ మావయ్యా" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చోటు, నా ఇష్టం అన్నాడు. జీవితంలో మొదటిసారి తన చెయ్యి చూసి ఒకడు ఆగుతున్నాడు, అందులో ఆయనకేదో తృప్తి ఉంది. ఆ తృప్తి చూసి నాకు అసహ్యం వేసింది. జాలి తర్వాతెప్పుడో వేసింది.

గేటు దగ్గరి ముక్క మాత్రం కాలనీలో ఎవరూ కొనలేదు, అక్కడ ఎవరి ఇల్లూ లేదు కాబట్టి. దాన్ని ఉపన్యాసం కాలనీతో సంబంధం లేని పైవాడెవరికో అమ్మేశాడు. ఆ పైవాడు ఎప్పుడూ వచ్చి చూడలేదు. మనిషిని పంపించి గేటుకి తాళం వేయించి, బోర్డు పెట్టించి ఊరుకున్నాడు. గేటు పక్కన గోడకీ స్తంభానికీ మధ్య సందు ఉంది, మనుషులు పక్కకి తిరిగి దూరి వెళ్లేవాళ్లు. రొట్టెలాయన బండి ఇవతలే వదిలి గంపలు చేతుల మీద మోసుకునేవాడు. ఆ తర్వాత ఉపన్యాసం రావడం మానేశాడు. కొన్నాళ్లు ఆయన ఫోను మోగింది, తర్వాత మోగడం కూడా మానేసింది. తీర్పరి ఆయనే కాబట్టి ఆయన మీద తీర్పు చెప్పేవాడు లేడు. నమూనా ఇంటి తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల ఆ కుళాయి ఒక్కటే ఉంది.

ఓ మధ్యాహ్నం అత్త స్నానాలగదిలో జారిపడింది. మోకాళ్లు కాదు, ఈసారి తుంటి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అంబులెన్సు తొందరగానే వచ్చింది, వచ్చి గేటు బయట ఆగిపోయింది. రొట్టెలాయన ఎవరూ పిలవకుండానే బండి తోసుకొచ్చాడు. దాని మీద పరుపు వేసి, అత్తని ఎత్తి పడుకోబెట్టాం. అడక్కుండానే అందరూ గొలుసులు తీశారు, కుండీలు జరిపారు. లెక్కల టీచరు కడ్డీ ఎత్తి పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు ఆ వీధిలో. ఆ సంగతి ఆ రోజే తెలిసింది నాకు.

గేటు దగ్గర ఆగాం. తుంటి విరిగిన మనిషిని పక్కకి తిప్పి సందులోంచి దూర్చలేం. తాళం పగలగొట్టండి అన్నాను. ఎవరూ కదల్లేదు. ఎవరి సొత్తు మీదా ఎవరూ చెయ్యి వెయ్యకూడదని అందరూ మొదటి రోజే ఒప్పుకున్నారట, అదొక్కటే అక్కడి కట్టుబాటట. పైవాడికి ఫోను చేసి అడుగుదాం అన్నారొకరు. నంబరు ఎవరి దగ్గరుంది? ఉపన్యాసం దగ్గర. ఇవాళ ఈ తాళం పగలగొడితే రేపు మన తలుపు సంగతేమిటి అన్నారింకొకరు. వాదన మొదలైంది. నేను మావయ్య వంక చూశాను. వానలో బస్సు ఆపిన మనిషి. ఆయన ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లాగలేదు, వదల్లేదు.

"మాటిచ్చాం కదే..." అన్నాడు నాతో, చాలా మెల్లిగా.

ఎండ అత్త మొహం మీద పడుతోంది. నేను చున్నీ అడ్డం పట్టుకున్నాను. అత్త కళ్లు తెరవకుండానే అంది, "ఏవండీ, మీ మాటలయ్యాక చెప్పండి. ఈలోగా నేను ఓ కునుకు తీస్తాను."

గేటు అవతల అంబులెన్సు డ్రైవరు ఇదంతా కాసేపు విన్నాడు. ఈ తాళం ఎవరిదని అడిగాడు. తెలీదన్నారు. బండిలోంచి ఇనప రాడ్డు తెచ్చి రెండు దెబ్బలు వేశాడు. తాళం ఊడిపడింది. తప్పుకోండి అన్నాడు. అందరూ తప్పుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అత్త వాకరు పట్టుకుని నడుస్తోంది. ఇక అక్కడికి రానని ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పించుకోలేదు మావయ్య. నేనుండే వీధిలోనే, బస్టాపు ఎదురుగా, కింద వాటాలో రెండు గదులు చూశాను. రోజంతా హారన్లు. కాలువ ఇక్కడా పొంగుతుంది, ఇక్కడా ఇటుకలే. కొట్టు ఖాళీ చేసి మిషను ఇంటికి తెచ్చేశాం. కిటికీ దగ్గర వేసుకుని కుడుతూ వీధిలో పోయేవాళ్లని పిలిచి మాట్లాడుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా షాపులో రోజుకి పదిసార్లు వినే సామెత ఇది. మా మావయ్యకి చెప్పబుద్ధి కాలేదు.

కాలనీలో ఇల్లు కొనేవాడు లేడు. దారి లేని ఇల్లు ఎవడిక్కావాలి? గేటుకి మళ్లీ తాళం పడింది. మావయ్య గడ్డం మాసిపోయింది. ఒకరోజు ఉన్నట్టుండి గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను మునిసిపాలిటీ ఆఫీసుకి తోడు రమ్మన్నాడు. ఎందుకంటే, వీధిలో తన ముక్కని వాళ్లకి ఊరికే రాసిచ్చేస్తాడట. అది రోడ్డు అయిపోతుంది, రోడ్డయితే అందరిదీ అవుతుంది, కనీసం రొట్టెలాయనకి ఆ మేరకి ఇబ్బంది ఉండదు. మిగతావాళ్లని కూడా అడిగాడట. అందరూ ఒకే మాట, ముందు పక్కవాళ్లు ఇస్తే మేమూ ఇస్తాం.

ఆఫీసులో గుమస్తా పిల్ల నా కంటే చిన్నది. మావయ్య అలవాటుగా బల్ల ముందు నిలబడ్డాడు, చేతులు ముందుకి కట్టుకుని. కూర్చోండి అంది ఆ పిల్ల. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెబితే కూర్చున్నాడు. ఆ పిల్ల పటం అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పెన్సిలుతో ఒక చివర చూపించింది, ఇంకో చివర చూపించింది.

"అయ్యా, దీనికి ఈ పక్కన దారి లేదు, ఆ పక్కనా లేదు. మధ్యలో ముక్కని రోడ్డని ఎలా తీసుకోమంటారు?"

కసురుకోలేదు, పాపం. మిగతావాళ్లందరినీ తీసుకొస్తే తప్పకుండా చూస్తామంది. గేటు దగ్గరి ముక్క ఎవరిదో తెలీదని మావయ్య చెప్పలేదు. థాంక్సమ్మా అని లేచాడు.

ఇంటికొచ్చేసరికి అత్త మిషను మీద ఉంది. తీసుకున్నారా అని అడిగింది. తీసుకోరట అన్నాను నేను. మావయ్య మంచం మీద కూర్చుని ఇస్త్రీ చొక్కా బొత్తాలు విప్పుకుంటున్నాడు. అత్త దారం కొరికి, మిషను ఆపింది.

"పోనీలెండి. ఇంతకీ ఆ తాడు విప్పేశారా?"

మావయ్య చేతులు బొత్తాల మీదే ఉండిపోయాయి. అదొక్కటీ ఆయనకి తట్టలేదు. రాసిచ్చేద్దామని అందరి చుట్టూ తిరిగాడు, ఆఫీసుకి వెళ్లాడు, ఆ తాడు మాత్రం అక్కడే ఉంది. మావాళ్లు వచ్చేశాక పాపం రొట్టెలాయన ఏం చేస్తున్నాడో! తానే దింపుకుని, దాటి, మళ్లీ తానే కడుతున్నాడేమో. ఆ మనిషి అలాంటివాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి ఇద్దరం వెళ్లాం. సందులోంచి దూరాం, ప్రతి ముక్క దగ్గరా అడిగాం. తాడు అలాగే ఉంది, ముడి మాత్రం మావయ్య వేసింది కాదు. ఆ కొత్త ముడి విప్పడానికి ఆయనకి గోళ్లు నొప్పిపుట్టాయి. తాడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు, రాటలు కూడా పీకేశాడు. అప్పుడే రొట్టెలాయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఎదర ఏమీ లేదు. అయినా తాడు ఉండే చోటుకి రాగానే బండి ఆపాడు.

"వెళ్లమంటారా?" అన్నాడు.

మావయ్య చెయ్యెత్తబోయి, మానేశాడు. ఆ మనిషి మావయ్య మొహంలోకి చూస్తూ అక్కడే నిలబడ్డాడు, బండి మీద రొట్టెలు చల్లారిపోతున్నాయి.